వీణ మీద కదనకుతూహలం: ఆ హుషారు ఎక్కడి నుంచి వస్తుంది?

క్లుప్తంగా: కదనకుతూహలం రాగంలో పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కట్టిన కృతి ‘రఘువంశ సుధాంబుధి’ని వీణ మీద వింటే ఉరుకులు పెడుతున్నట్టు ఉంటుంది. తాళం వేగంగా నడవడం వల్లే ఆ హుషారు వస్తుందనుకుంటారు గానీ, అసలు కారణాలు వేరు. రాగం ఆరోహణలో, అంటే స్వరాలు పైకి ఎక్కే వరుసలో, ఉన్న పెద్ద పెద్ద అంగలు, గమకం (స్వరాన్ని ఊపడం) పెద్దగా లేని స్వరాలు, మీటిన కాసేపటికే సన్నబడే వీణ నాదం కలిసి దాన్ని తెస్తాయి. అది ఇంగ్లీషు బాణీ అనే మాటలో సగమే నిజం ఉంది.

తిరుపతిలో వీణ కచేరీ అంటే హాలు నిండకపోవచ్చు. వచ్చినవాళ్ళు మాత్రం నెమ్మదిగా సర్దుకుని కూర్చుని వినేవాళ్ళే. తోడి గానీ భైరవి గానీ విస్తారంగా సాగి, తనియావర్తనం (మృదంగం ఒంటరిగా మోగే భాగం) ముగిసి, చప్పట్లు పడతాయి. ఆ తర్వాత వైణికులు ఒకసారి తీగలు సరిచూసుకుని, మృదంగం వైపు చిన్నగా తలూపి కదనకుతూహలం అందుకుంటారు. అప్పటిదాకా కళ్ళు మూసుకున్నవాళ్ళు కళ్ళు తెరుస్తారు. వెనక వరసలో పిల్లలు తాళం వేయడం మొదలుపెడతారు. అయిదారు నిమిషాల్లో అది అయిపోతుంది. బయటికొచ్చేటప్పుడు చాలామంది నోట ఉండేది మాత్రం ఆ ముక్కే.

అక్కడే రకరకాల ప్రశ్నలూ మొదలవుతాయి. అది ఇంగ్లీషు ట్యూనా? శాస్త్రీయ కచేరీలో అంత తేలికైనది ఎందుకు వాయిస్తారు? పాట అయినప్పుడు గాయకుల కచేరీల్లో తక్కువగా, వాద్యాల మీద ఎక్కువగా ఎందుకు వినిపిస్తుంది? వీటికి జవాబులు రాగం కట్టుబాటులో కొన్ని, వీణ అనే చెక్క, తీగల నిర్మాణంలో కొన్ని దొరుకుతాయి.

పేరు దగ్గరే తికమక

ముందు పేరు సంగతి. కార్యక్రమ పత్రాల్లో ఒకచోట ‘కదనకుతూహలం’ అనీ, మరోచోట ‘కథనకుతూహలం’ అనీ కనిపిస్తుంది. కదనం అంటే యుద్ధం. ఎన్నికలొస్తే మన పత్రికలు ‘కదనరంగం’, ‘కదనోత్సాహం’ అని రాసేది ఈ మాటతోనే. కదనకుతూహలం అంటే యుద్ధానికి ఉవ్విళ్ళూరడం. కథనం అంటే చెప్పడం కాబట్టి రెండో రూపానికి వేరే అర్థం వస్తుంది.

ఈ తేడా చాలావరకు లిపి వల్ల వచ్చింది. తమిళంలో త, థ, ద, ధ అన్నిటికీ ఒకే అక్షరం. తమిళ పుస్తకాల నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేసరికి ‘ద’ కాస్తా ‘థ’ అయి కూర్చుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో రెండు లిపులూ పక్కపక్కనే బతుకుతాయి, బస్సు బోర్డు నుంచి పెళ్ళి పత్రిక దాకా. ఇలాంటి పొరపాట్లు ఇక్కడ ఎవరికీ వింతగా తోచవు. రాగం నడక చూస్తే మాత్రం ‘కదన’ అన్నదే అతుకుతుంది.

ఎవరి రాగం, ఎవరి పాట

రాగాన్ని కల్పించినవారు, అందులో కృతి కట్టినవారు ఒకరే: పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902). స్వస్థలం తంజావూరు సీమ. మద్రాసులో ఉండటం వల్ల ‘పట్నం’ అనే పేరు స్థిరపడింది. ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆ వెంకటసుబ్బయ్యకు గురువు త్యాగరాజస్వామి. అంటే త్యాగరాజ పరంపరలో రెండో తరం శిష్యుడు. అభోగి రాగంలో ‘ఎవరి బోధన’ వర్ణం ఈయనదే. సంగీతం నేర్చుకునే పిల్లలు నేటికీ దాన్ని దాటే ముందుకు వెళ్తారు. ‘బ్రోచేవారెవరురా’ రాసిన మైసూరు వాసుదేవాచార్యులు ఈయన శిష్యులు.

తిరుపతి వాళ్ళు పట్టించుకోదగ్గ విషయం ఇంకోటుంది. సుబ్రహ్మణ్య అయ్యర్ ముద్ర, అంటే రచనల్లో సంతకంలా పెట్టుకునే మాట, ‘వేంకటేశ’. ‘రఘువంశ సుధాంబుధి’ రాముడి మీద సంస్కృతంలో కట్టిన కృతి. అయినా చరణం చివర శ్రీ వేంకటేశుడి పేరు వస్తుంది. వీణ మీద విన్నప్పుడు ఆ మాట వినిపించదు. పాట తెలిసినవాళ్ళ మనసులో మాత్రం ఆ చోట పడుతుంది.

ఎక్కేది ఒక దారి, దిగేది ఒక దారి

కదనకుతూహలం 29వ మేళకర్త (తల్లి రాగం) ధీరశంకరాభరణం నుంచి పుట్టిన రాగం. అవే ఏడు స్వరాలు, అవే స్థానాలు. కొత్త స్వరం ఒక్కటీ లేదు. తేడా అంతా వరుసలోనే.

శంకరాభరణం ఆరోహణ స రి గ మ ప ధ ని స. కదనకుతూహలం ఆరోహణ స రి మ ధ ని గ ప స. అవరోహణ, అంటే దిగే వరుస, మాత్రం రెండింటికీ ఒకటే: స ని ధ ప మ గ రి స.

పైపైన చూస్తే గాంధారాన్ని (గ), పంచమాన్ని (ప) తీసి చివర పెట్టినట్టు ఉంటుంది. ఈ వరుసలో ఎక్కడా కిందికి జారకుండా ఎక్కుతూ పోతే అసలు సంగతి తెలుస్తుంది. నిషాదం (ని) తర్వాత వచ్చే గాంధారం పై స్థాయిది (ఒక ‘స’ నుంచి దాని పై ‘స’ దాకా ఒక స్థాయి). పంచమమూ పై స్థాయిదే. చివరి షడ్జం ఇంకో మెట్టు పైది, అతితార షడ్జం. శంకరాభరణం ఏడు అంగల్లో ఒక స్థాయి ఎక్కితే, కదనకుతూహలం అవే ఏడు అంగల్లో రెండు స్థాయిలు ఎక్కేస్తుంది. సగటున అంగ సైజు సరిగ్గా రెట్టింపు.

తిరుమల నడకదారులు తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. చంద్రగిరి వైపు శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే శ్రీవారి మెట్టు దారిలో 2,388. చేరేది ఒకే కొండ. రెండో దారి దగ్గర, కానీ మోకాళ్ళకు తెలిసొస్తుంది. కదనకుతూహలం శ్రీవారి మెట్టు మీదుగా ఎక్కి అలిపిరి మీదుగా తీరిగ్గా దిగే రాగం. ఎక్కడంలో ఉన్న ఆ తొందర, దిగడంలో ఉన్న తీరిక ఒకదాని వెంట ఒకటి వస్తుంటే చెవికి అది ‘హుషారు’గా తోస్తుంది.

అందుకే మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు కొట్టే లయ యంత్రం) పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆదితాళంలో శంకరాభరణం స్వరాలను, కదనకుతూహలం స్వరాలను ఒకే వేగంతో వాయించినా రెండోదే వేగంగా వినిపిస్తుంది. లెక్కకు, నిమిషానికి 75 దెబ్బల వేగంతో ఆదితాళం ఎనిమిది దెబ్బలకు 6.4 సెకన్లు పడుతుంది. దెబ్బకు నాలుగు స్వరాల చొప్పున వేస్తే ఒక ఆవర్తంలో 32 స్వరాలు, అంటే సెకనుకు అయిదు. ఇందులో విపరీతమైన వేగం ఏమీ లేదు. వర్ణం రెండో కాలంలో వాయించే విద్యార్థి రోజూ చేసే పనే. చెవి వేగాన్ని కొలిచేటప్పుడు స్వరాలను మాత్రమే లెక్కపెట్టదు, స్వరానికీ స్వరానికీ మధ్య దూరాన్ని కూడా కలుపుకుంటుంది.

ఒక్క తీగ మీద మొత్తం ఆరోహణ

సరస్వతి వీణకు 24 మెట్లు, అంటే తీగను నొక్కి పట్టే అడ్డపట్టీలు. వాయించే తీగలు నాలుగు, పక్కన తాళానికి మూడు. వాయించే తీగల్లో మొదటిది సారణి, షడ్జానికి శ్రుతి చేస్తారు. 12వ మెట్టు దగ్గర పై షడ్జం, 24వ మెట్టు దగ్గర దాని పై షడ్జం. అంటే ఒక్క తీగ మీదే సరిగ్గా రెండు స్థాయిలు. కదనకుతూహలం ఆరోహణకు కావలసిందీ సరిగ్గా రెండు స్థాయిలే! ఈ రాగానికీ వీణకూ ఇంత బాగా జోడీ కుదరడానికి ఇదొక పెద్ద కారణం.

ఏ స్వరం ఏ మెట్టు మీదో చూద్దాం. తెరచిన తీగ షడ్జం. రిషభం 2వ మెట్టు, మధ్యమం 5, ధైవతం 9, నిషాదం 11, పై గాంధారం 16, పై పంచమం 19, చివరి షడ్జం 24. మోగే తీగ పొడవు లెక్కకు 80 సెంటీమీటర్లు అనుకుంటే, తీగ మొదటి నుంచి ఈ చోట్లు వరుసగా 8.7, 20.1, 32.4, 37.6, 48.3, 53.3, 60 సెంటీమీటర్ల దగ్గర వస్తాయి. మధ్యమం నుంచి ధైవతానికి ఒక్క దూకుడులో 12 సెంటీమీటర్ల పైచిలుకు. మామూలుగా మధ్యమం నుంచి పంచమానికి వెళ్ళాలంటే ఆరున్నర సెంటీమీటర్లు చాలు.

ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు జంటగా తీగ మీద కదులుతాయి. తిన్నగా సాగే రాగంలో ఒక వేలు మెట్టును పట్టి ఉంచితే ఇంకోటి పక్క మెట్టును అందుకుంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, చెయ్యి మొత్తం లేచి వెళ్ళి దిగాలి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు దీన్ని కళ్ళారా చూడొచ్చు. దండి మీద చెయ్యి యాళి ముఖం (దండి కొసన చెక్కిన మృగం తల) వైపు నుంచి కుండ వైపు నాలుగైదు గంతుల్లో వచ్చేస్తుంది, మళ్ళీ చిన్న చిన్న అడుగులతో వెనక్కి పోతుంది. వినడం కన్నా చూడటంలో సగం ఆనందం ఉందనేవాళ్ళు లేకపోలేదు, అదీ ఒప్పుకోదగ్గ మాటే.

అన్ని సంగతులూ ఒకే తీగ మీద వాయించాలని నియమం లేదు. పక్క తీగకు మారితే దూరాలు తగ్గుతాయి. అయితే తీగ మారినప్పుడు నాదం రంగు కొంచెం మారుతుంది. దూకుడులో ఉన్న ఒరిపిడి, ఆ చిన్న ‘జర్రు’ పోతుంది. ఎవరు ఏది ఎంచుకుంటారన్నది బాణీని బట్టి ఉంటుంది.

మీటు ఆగితే నాదం ఆరిపోతుంది

రెండో కారణం వీణ స్వభావం. వయొలిన్‌కు కమాను ఉంది. వేణువుకు ఊపిరి ఉంది. స్వరాన్ని కావలసినంత సేపు నిలబెట్టవచ్చు. వీణకు ఆ అవకాశం లేదు. మీటిన క్షణంలో నాదం నిండుగా ఉంటుంది, ఆ తర్వాత సన్నబడిపోతుంది. విలంబంలో, అంటే నిదానపు నడకలో, వైణికులు ఈ లోటును తీగను పక్కకు లాగి పూడుస్తారు. ఒక మీటు మీద మూడు నాలుగు స్వరాలు లాగుడులోనే పలికించడం వీణ విద్యలో గొప్ప భాగం. తోడి, భైరవి లాంటి రాగాలకు ప్రాణం అదే.

కదనకుతూహలంలో ఆ లాగుడుకు పెద్దగా చోటు లేదు. స్వరాలు తిన్నగా, ఊగకుండా పడాలి. ఊపితే దూకుడు మెత్తబడిపోతుంది, రాగం ముఖమే మారిపోతుంది. కాబట్టి ప్రతి స్వరానికీ దాదాపు ఒక మీటు పడుతుంది. మీటు మీద మీటు పడుతున్నప్పుడు ఆరిపోయే నాదం అడ్డు కాకపోగా మేలు చేస్తుంది. ముందు స్వరం సన్నబడి దారి ఇస్తేనే తర్వాతి స్వరం విడిగా, మిలమిలమంటూ వినిపిస్తుంది. తానం (తాళం లేకుండా లయగా సాగే రాగ విస్తరణ) వాయించేటప్పుడు వీణ అంత బాగుండటానికి కారణమూ ఇదే. వీణకు లోపం అనుకున్నది ఇక్కడ గుణంగా మారుతుంది.

కుడి చేతి చిటికెన వేలి పని కూడా చెప్పుకోవాలి. పక్కనున్న మూడు తాళపు తీగలను అది కింది నుంచి పైకి తాకుతూ ఉంటుంది. మృదంగం లేకపోయినా తాళం నడక వినిపించేది దాని వల్లే. దూకుడు సంచారాల మధ్య ఈ తీగలు ఝణఝణమంటే ఒక్క వీణే చిన్న బృందంలా తోస్తుంది.

కృతి నడుమ మరో తేడా ఉంది. పల్లవి, అనుపల్లవి వాయించేటప్పుడు మంచి వైణికులు సాహిత్యం అక్షరం పడే చోటే మీటుతారు. అక్షరం లేని చోట తీగను జరుపుతారు తప్ప మీటరు. పాట తెలిసినవాళ్ళకు మాటలు ‘వినిపించేది’ అలాగే. చిట్టస్వరం రాగానే పద్ధతి మారుతుంది. అక్కడ అక్షరాలు లేవు, స్వరాలే. ఒక్కో స్వరానికి ఒక్కో మీటు. ఈ కృతి చిట్టస్వరం పేరు పడ్డది కావడంతో, అది మొదలయ్యే క్షణంలో జనం ముందుకు వంగి వింటారు. లయ మారదు, మీటుల సంఖ్య పెరుగుతుంది. వినేవాళ్ళు మాత్రం ‘స్పీడు పెంచారు’ అనుకుంటారు.

ఇంగ్లీషు నోటా?

కర్ణాటక సంగీతంలో పాశ్చాత్య బాణీలను తీసుకున్న రచనలు నిజంగానే ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) శంకరాభరణ స్వరాల్లో కట్టిన నోటుస్వరాలు వాటిలో ముఖ్యం. దీక్షితుల కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో కోట బ్యాండు వాయించే బాణీలు ఆయన చెవిన పడ్డాయి. వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. ‘సంతతం పాహిమాం’ అనే నోటుస్వరం బ్రిటిష్ రాజగీతం బాణీయే. ‘శక్తి సహిత గణపతిం’ ఇప్పటికీ చిన్నపిల్లలకు మొదట్లోనే నేర్పుతారు. దీక్షితులు స్వయంగా వైణికులు. ఆయన తొలి కృతి ‘శ్రీనాథాది గురుగుహో’ పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ లెక్కన ఈ కథకు మన ప్రాంతం మరీ పరాయిది కాదు. తర్వాతి కాలంలో హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతార్ (1877–1945) కట్టిన ‘ఇంగ్లీష్ నోట్’ కూడా కచేరీల్లో పేరు తెచ్చుకుంది. ‘నోటు’ అనే మాట తెలుగు చెవులకు అలవాటైంది ఇలాంటి వాటితోనే.

కదనకుతూహలం సంగతి వేరు. ఇందులో అరువు తెచ్చుకున్న బాణీ లేదు. స్వరాల వరుసను మెలితిప్పి రాగం చేయడం మన పద్ధతే, అలాంటివాటిని వక్ర రాగాలు అంటాం. అయినా వినగానే బ్యాండు గుర్తొస్తుందంటే దానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది గమకం లేకపోవడం. మన చెవి గమకాన్ని ‘మనది’గా, ఊగని స్వరాన్ని ‘పరాయిది’గా గుర్తుపడుతుంది. రెండోది ఇంకా ఆసక్తికరం. ఆరోహణ చివర వచ్చే గ ప స అనే మూడు స్వరాలను కలిపి మోగిస్తే పాశ్చాత్యుల మేజర్ కార్డ్ అవుతుంది. మధ్యలో వచ్చే రి మ ధ కలిపి మోగిస్తే మైనర్ కార్డ్. పియానో మీద కార్డ్ స్వరాలను ఒకదాని వెంట ఒకటి విడివిడిగా మోగించడం అక్కడివాళ్ళకు చాలా మామూలు పద్ధతి. కదనకుతూహలం ఆరోహణ ఎక్కుతుంటే ఆ పని తెలియకుండానే జరిగిపోతుంది: ముందు ఒక కార్డ్, నడుమ నిషాదం, ఆపైన ఇంకో కార్డ్. ఇంట్లో కీబోర్డు ఉన్నవాళ్ళు ‘సి’ని షడ్జంగా పెట్టుకుని చూడొచ్చు. రాగమంతా తెల్ల మెట్ల మీదే పలుకుతుంది, నల్ల మెట్టు ఒక్కటీ తాకదు.

బాణీ మనదే, పోలిక మాత్రం అక్కడిది. ‘ఇంగ్లీషు ట్యూన్’ అని తీసిపారేసేవాళ్ళు, ‘అచ్చంగా మనదే’ అని వాదించేవాళ్ళు ఇద్దరూ ఈ ముక్కను సగమే విన్నారనాలి.

గొంతుకు కష్టం, తీగకు సులువు

గాయకులు ఈ కృతిని పాడరని కాదు. తక్కువగా పాడతారు. మంద్ర (కింది స్థాయి) పంచమం నుంచి తార (పై స్థాయి) పంచమం దాకా, అంటే సుమారు రెండు స్థాయిలు, తేలిగ్గా పలికితే మంచి గొంతు అంటారు. ఆరోహణ కొసన ఉన్న అతితార షడ్జం చాలామందికి అందదు. అందే పరిధిలోనే పాడినా నిషాదం నుంచి పై గాంధారానికి, మధ్యమం నుంచి ధైవతానికి దూకాలంటే మధ్యలో ఆనుకోవడానికి ఏమీ ఉండదు. గొంతు సహజంగా స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతుంది. ఇక్కడ జారకూడదు. వీణకు మెట్టు ఉంది, వేలు సరైన చోట పడితే స్వరం పలికి తీరుతుంది. పాడేవారికి మెట్లు ఉండవు.

పైగా వేగంగా దూకే స్వరాల మీద ‘సుధాంబుధి’ లాంటి సంయుక్త పదాలను తునగకుండా పలకాలి. మాట నిలిస్తే స్వరం చెదురుతుంది, స్వరం నిలిస్తే మాట ముక్కలవుతుంది. వాద్యానికి ఈ బాధ లేదు. అందుకే వీణతో పాటు శాక్సోఫోన్ మీద కద్రి గోపాల్‌నాథ్ వాయింపుతో కూడా ఈ కృతి ఊరూరా తెలిసింది.

తేలిక ముక్కేనా?

కచేరీలో దీనికి దక్కే చోటు వల్ల దీన్ని తేలిక రచన అనుకోవడం జరుగుతోంది. సాధారణంగా ప్రధాన రాగానికి ముందు గాలి మార్పుగా గానీ, తనియావర్తనం తర్వాత తుక్కడాలతో (కచేరీ చివర వచ్చే చిన్న ముక్కలతో) పాటు గానీ వాయిస్తారు. రాగాలాపనకు ఇందులో లోతు తక్కువన్నది నిజమే. గమకం లేని రాగాన్ని అరగంట విస్తరించడం కష్టం, విస్తరించినా చెప్పిందే చెప్పినట్టు ఉంటుంది. రాగం తేలికైనంత మాత్రాన వాయింపు తేలిక కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే తగవు వస్తోంది.

వేదిక చరిత్ర కూడా కొంత కలిసొచ్చింది. వీణ ధనమ్మాళ్ (1867–1938) కాలంలో వీణ అంటే ఇంటి గదిలో కొద్దిమంది ముందు వాయించేది. మద్రాసులో ఆమె ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు అలాగే సాగేవి. ఆ నిశ్శబ్దంలో ఒక్క లాగుడు చాలు. మైకు, రేడియో వచ్చాక వీణ పెద్ద హాలుకు చేరింది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు (1936–1996) మైకును బాగా ఉపయోగించుకున్న వైణికులు. కోయిల కూతను తీగ మీద పలికించిన చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’ సంగీతం తెలియని ఇళ్ళల్లోకి కూడా వెళ్ళింది. రేడియోలో వార్తలకు ముందు రెండు మూడు నిమిషాలు మిగిలితే వాద్య సంగీతం వేసేవారు. అలాంటి ఖాళీల్లో తోడి ఇమడదు. చురుగ్గా మొదలై చురుగ్గా ముగిసే ముక్కలకు అక్కడ గిరాకీ పెరిగింది.

మాటకు అలవాటు పడ్డ ఊళ్ళో

తిరుపతి వినికిడి అలవాటు ప్రధానంగా మాటది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) రాసిన సంకీర్తనలు రాగిరేకుల మీద నిలిచి, 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక మళ్ళీ ఇంటింటికీ చేరాయి. ఇక్కడి శ్రోత ముందు సాహిత్యం వింటాడు, ఆపైన రాగం. ఆ శ్రోతకు మాట లేని వీణ కొంచెం దూరంగా అనిపించడంలో వింత లేదు. ‘ఏ పాట?’ అనేది మొదటి ప్రశ్న. ‘ఏ రాగం?’ అన్న మాట తర్వాత వస్తుంది.

తిరుమలలో ఆలయానికి ఎదురుగా ఉన్న నాదనీరాజనం వేదిక దగ్గర పరిస్థితి ఇంకో రకం. అక్కడ వినేవాళ్ళు టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు కారు. దర్శనం ముగించుకుని, లడ్డూల కవరు చేతిలో పట్టుకుని, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ పోయేవాళ్ళు. తమిళులు, కన్నడిగులు, ఉత్తరాది వాళ్ళు అందరూ కలిసి ఉంటారు. తెలుగు సాహిత్యం అందరికీ అందదు. అలాంటి చోట మాట లేకపోవడమే వీణకు కలిసొస్తుంది. నాలుగు దూకుళ్ళు చెవిన పడితే కాలు ఆగుతుంది. విస్తారమైన ఆలాపన కోసం నిలబడే ఓపిక ఆ జనంలో ఉండదు, ఉండాలనుకోవడం కూడా న్యాయం కాదు.

దీని ప్రభావం ఎంపిక మీద పడుతుంది. ఆగి వినేవాళ్ళు పెరిగేకొద్దీ వైణికులు అలాంటి ముక్కలను జాబితాలో పైకి తెస్తారు. జాబితాలో పైకి వచ్చేకొద్దీ జనం వీణ అంటే అదే అనుకుంటారు. లాగుడు విద్య వినిపించే అవకాశం అంతమేరకు తగ్గుతుంది. పాత వైణికుల అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది, కదనకుతూహలం మీద వాళ్ళకు కోపమేమీ లేదు.

నేర్చుకునేవాళ్ళకు ఎదురయ్యేది

తిరుపతిలో వీణ నేర్చుకోవడానికి టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, ఇళ్ళలో నేర్పే గురువులూ ఉన్నారు. యూట్యూబులో చూసి వచ్చిన పిల్లలు గీతాలు (మొదట్లో నేర్పే చిన్న పాటలు) దాటకుండానే ‘రఘువంశ’ అడగడం ఈ రోజుల్లో మామూలే. గురువులు ఆపడానికి చాదస్తం కారణం కాదు. గమకం లేని స్వరంలో తప్పు దాక్కోదు. తోడిలో వేలు కొంచెం అటూ ఇటూ పడ్డా లాగుడులో సర్దుకుంటుంది. కదనకుతూహలంలో 16వ మెట్టు మీద గాంధారం తిన్నగా మోగాలి, అంతే.

వేలిదే కాదు, మెట్టుది కూడా తప్పు కావచ్చు. వీణ మెట్లను మైనంలో అమరుస్తారు, దాన్నే మేళం కట్టడం అంటారు. ఎండలు 40 డిగ్రీలు దాటే తిరుపతిలో ఎండాకాలం గాలి ఆడని గదిలోనో కారు డిక్కీలోనో వీణ ఉంటే మైనం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది. పై మెట్ల దగ్గర చోటు ఇరుకు. అక్కడ ఒక మిల్లీమీటరు తేడా, కింది మెట్ల దగ్గర రెండు మిల్లీమీటర్ల తేడాకు సమానంగా వినిపిస్తుంది. తీగను పక్కకు లాగితే స్వరం పెరుగుతుందే గానీ తగ్గదు. మెట్టు తక్కువ పలికితే లాగి సర్దుకోవచ్చు. ఎక్కువ పలికితే వాయించేవారు చేయగలిగింది ఏమీ లేదు, మేళం మళ్ళీ కట్టించాల్సిందే.

సరిచూసుకునే పద్ధతి సులువు. తెరచిన సారణిని ఒకసారి మీటి, ఆ నాదం చెవిలో ఉండగానే 4వ మెట్టు మీద గాంధారం, వెంటనే 16వ మెట్టు మీద పై గాంధారం మీటాలి. రెండూ ఒకే స్వరంగా కలిసిపోతే వీణ సిద్ధంగా ఉన్నట్టు. పైది కాస్త కీచుమంటే ఆ సాయంత్రానికి కదనకుతూహలం పక్కన పెట్టి తోడి ఎత్తుకోవడం మేలు.